అచ్చు తప్పు

ఎవరైనా బొమ్మ కారు చేతికిస్తే మారీశ్వరి దాని రంగు చూడదు, ధర అడగదు. భుజం ఎత్తుకు లేపి సిమెంటు గచ్చు మీద వదిలేస్తుంది. ఇచ్చినవాళ్ళు అయ్యో అనేలోపు అది టప్పున పడుతుంది. ఆమె వంగి తీసుకుని గోటితో అంచులన్నీ తడిమి, అప్పుడు తీర్పు చెబుతుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

కోవిల్‌పట్టి అనే తమిళనాడు ఊరి చివర, ఒకప్పుడు అగ్గిపెట్టెల కంపెనీ నడిచిన పొడవాటి రేకుల షెడ్డులో ఇప్పుడు అరచేతిలో ఇమిడే లోహపు కార్లూ జీపులూ తయారవుతున్నాయి. జింకు కడ్డీలను కుండలో కరిగిస్తారు. కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి మిషను ఒక్క గుద్దుతో తోస్తుంది. అచ్చు విచ్చుకోగానే జీపు ఒళ్ళు వెండిలా మెరుస్తూ జారిపడుతుంది. తర్వాత దాని అంచులు ఆకురాయితో రాకుతారు, రంగు వేస్తారు, కిందిపలక బిగిస్తారు, చక్రాలు కొడతారు. ఈ పనులన్నింటిలో అచ్చు దగ్గర నిలబడే పని మారీశ్వరిది.

ఆ చోటు ఆమెకు ఎవరూ దానం చెయ్యలేదు. ఇదే షెడ్డులో ఆమె తల్లి చట్రాలకు అగ్గిపుల్లలు గుచ్చి గుచ్చి వేళ్ళు వంకర్లు పోయి, ఆ వేళ్ళతోనే చనిపోయింది. ఆడవాళ్ళంటే కూర్చుని చేసే పనులకే పనికొస్తారని అప్పటి కంపెనీ అనుకుంది. ఇప్పటి కంపెనీ కూడా మొదట్లో అలాగే అనుకుంది. వేడి పని ఆడవాళ్ళకు చేతకాదని ఏ చట్టంలోనూ రాసి లేదు. కూలి ఎక్కువ ఉన్న పనులకు మాత్రమే ఈ చేతకానితనం ఎందుకు అంటుకుంటుందో చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకు ముందుకు రాలేదు. మారీశ్వరి వాదించలేదు. అచ్చు పనివాడు తూత్తుకుడి ఉప్పు కంపెనీకి వెళ్ళిపోయిన మర్నాడు, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, మిషను దగ్గరికి వెళ్ళి నిలబడింది. సాయంత్రానికి బుట్ట నిండింది. బుట్ట నిండాక ఎవరూ ఏమీ అనలేకపోయారు.

షెడ్డులో పనిచేసేవాళ్ళందరూ తెలుగు ఇళ్ళవాళ్ళే. బయట తమిళం, లోపల ఇంటి మాట. వాళ్ళ తెలుగు బళ్ళో నేర్చుకున్నది కాదు. ఒట్టపిడారం చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో బండ్లు తోలుకుని బతికిన తాతల నోటినుంచి నేరుగా దిగింది. అందుకే ఈ బొమ్మల షెడ్డులో కూడా చక్రాల మధ్య తీగను ఎవరూ యాక్సిలు అనరు. ఎద్దుల బండికి ఉన్నట్టే దానికీ ఇరుసు అనే పేరు. లోహం పోసే ఉక్కు దిమ్మె పేరు అచ్చు. ఈ రెండు మాటలూ అక్కడ ఎన్నడూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఒక మధ్యాహ్నం టీ తాగే వేళకు రంగుల గదిలో పనిచేసే తంగపాండి జేబులోంచి ఎర్రటి కారు ఒకటి తీశాడు. ఇద్దరు బిడ్డల తండ్రి అయినా బొమ్మలంటే వాడికి బలహీనత.

"ఇదో అక్కా, రేవు కారు. మామ కొడుకు తూత్తుకుడి నుంచి తెచ్చినాడు. కప్పల్లో, అదే ఓడలో, వచ్చిందంట. చూడు, తలుపు తెరుస్తాది!"

"తలుపు తెరుస్తాదా? లోపల ఎవరన్నా ఉండారేమో చూసి దించు," అంది మారీశ్వరి, చెయ్యి చాపుతూ.

"వొద్దక్కా, వొద్దు..."

టప్పున పడింది. పైకప్పును మోసే ముందు కమ్మీ ఒకటి వెంట్రుకవాసి పగిలి, కప్పు ఒక పక్కకు ఒరిగింది.

"సచ్చిపోయింది గదక్కా!"

"సావలా. నిజం చెప్పింది," అంటూ ఆమె దాన్ని అందరికీ కనబడేటట్టు ఎత్తి పట్టుకుంది. "చూడండి. కమ్మీలు జడపిన్ను మాదిరి సన్నం. అసలు కారులో ఎట్లుండాదో అట్లే చేసినారు. అసలు కారును ఎవురూ మిద్దె మీదనుంచి పారెయ్యరు. దీన్ని పారేస్తారు. మన జీపు చూడు. కమ్మీ మొదట్లో మూల గుండ్రం. లోహం నిండుగా పారింది. అద్దం చిన్నదే, ఒప్పుకుంటాను. అది పడ్డా లేస్తాది."

చక్రాల బల్ల దగ్గరనుంచి కాళియమ్మాళ్ నవ్వింది. మారీశ్వరికి మేనత్త వరస, వయసులో షెడ్డుకే పెద్ద. "మన బండి ఎద్దు మాదిరి ఉండాది పిల్లా. అది పెండ్లికూతురు మాదిరి ఉండాది."

"పెండ్లికూతుర్ని ఎత్తి గచ్చు మీద వేసేది ఎవురత్తా?"

తంగపాండి తన పెండ్లికూతుర్ని జాగ్రత్తగా జేబులో దాచుకున్నాడు.

అందం విషయంలో మారీశ్వరి రేవు కారుకు అన్యాయం చెయ్యలేదు. దాని రంగులో ముఖం చూసుకోవచ్చు. కిటికీలోంచి స్టీరింగు చక్రం కనిపిస్తుంది. తలుపు గీత సూదితో గీసినట్టు ఉంటుంది. అంత అందం తమ అచ్చు నుంచి రాదని ఆమెకు తెలుసు. కానీ బొమ్మ పిల్లల చేతిలో ఎన్నాళ్ళు ఉంటుందనేదే బొమ్మకు అసలు పరీక్ష అని ఆమె గట్టి నమ్మకం. ఆ పరీక్షలో తన జీపు ఎవరితోనైనా నిలబడుతుందని అంతకంటే గట్టి నమ్మకం.

ఆ వారంలోనే ఆ నమ్మకాన్ని అచ్చు దగ్గరనుంచి పెరికేశారు.

షెడ్డు యజమాని పాండీశ్వరన్ చెడ్డవాడు కాడు. యజమానుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మొదట చెప్పే మాట ఇదే. చెడ్డవాడు కాకుండానే చెయ్యగలిగిన అన్యాయాలు ఎన్ని ఉన్నాయో ఆ మాట చెప్పేవాళ్ళు లెక్క వెయ్యరు. విరుదునగరంలో వాళ్ళ జీపులు అమ్మే బొమ్మల దుకాణం నుంచి ఆయనకు ఫోను వచ్చినప్పుడు మిషను పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక చెవిని అరచేత్తో మూసుకుని, సరి అణ్ణాచ్చి, సరి అణ్ణాచ్చి, అని అవతలి పెద్దన్నకు తమిళంలో జవాబు చెప్పి పెట్టేశాడు. అచ్చు వైపు చూశాడు. తర్వాత మారీశ్వరి వైపు చూశాడు.

"మారీ, రేపట్నుంచి నువ్వు పెట్టెల కాడికి పో. అచ్చు కాడ తంగపాండి నిలబడతాడు."

"ఎందుకన్నా?"

"గురుసామి అణ్ణాచ్చి ఫోను చేసినాడు. అచ్చు పోయిందంట. అమ్మిన జీపులన్నీ మల్లా కడకే, ఆయన అంగడికే, తిరిగొస్తా ఉండాయంట."

"ఏడ పోయింది? కప్పా, కమ్మీనా, ముందర మూతా?"

"అది అడగలా."

"విరిగిందా, బీటిచ్చిందా, లోపల బోలు పడిందా?"

"అచ్చు పోయిందన్నాడు. అచ్చు కాడ నిలబడేది నువ్వుదా, నువ్వే. ఇంకేమి అడగాల?"

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. మారీశ్వరి చేతి తొడుగులు విప్పి, మడిచి, మిషను మీద పెట్టింది.

"అడగాల్సింది శానా ఉండాది మొదలాళీ," అంది.

అంతవరకు ఆయనను ఆమె అన్నా అని తప్ప, యజమానీ అని పిలవలేదు.

హంతకుడికి కూడా ముందు నేరం ఏమిటో చదివి వినిపిస్తారు. ఎప్పుడు, ఎక్కడ, దేనితో అన్నది చెబుతారు. నువ్వేమంటావు అని అడుగుతారు. అడగకుండా వేసిన శిక్ష చెల్లదని పెద్ద పెద్ద న్యాయస్థానాలు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టించుకున్నాయి. రేకుల షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రానికి కాళ్ళు పడిపోతాయి. ఇక్కడ నిందకు వివరం అక్కర్లేదు, ఆధారం అక్కర్లేదు, పగిలిన జీపు ఒక్కటి కళ్ళ ముందు లేకపోయినా ఫరవాలేదు. వేలు చూపించడానికి ఒక మనిషి నిలబడి ఉంటే చాలు.

పెట్టెల దగ్గర మారీశ్వరి అట్టలు మడిచింది. పని తక్కువదని ఆమె అనుకోలేదు. ఎప్పుడూ ఏ పనినీ అలా అనుకోదు. కానీ ఆ అట్టలు మడిచేవాళ్ళందరికీ ఆమె అక్కడికి ఎందుకు వచ్చిందో తెలుసు. ఇకమీద అచ్చు పని కావాలని ఏ ఆడపిల్ల అడిగినా, మారీశ్వరిని పెట్టి చూశాం కదా, అంటారని కూడా తెలుసు. ఆమెకు పట్టుకున్న మంట అది.

అన్నాల వేళ ఆమె పెట్టెల్లో సర్దిన జీపులు ఒక బుట్టెడు తెచ్చి, అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే గచ్చు మీద వదిలింది. రంగు రాలింది. ఒకదాని ముందు దీపం సొట్ట పోయింది. చక్రాల వంక ఆమె చూడనేలేదు. ఒక్క ఒళ్ళు కూడా పగల్లేదు.

"నా అచ్చులో తప్పు లేదు," అంది, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా. "తప్పు ఉందంటే అది ఇంకేడనో ఉండాది. పోయి చూసొస్తాను."

"ఏడికి పోతావు?" అన్నాడు పాండీశ్వరన్.

"విరుదునగరానికి."

"పోయి అణ్ణాచ్చి కాడ గలాటా చేస్తావు. ఉండే ఆర్డరు కూడా పోతాది."

"గలాటా కాదు, చూసేది. మీరు చూడలేదు గాబట్టి నేను పోతా ఉండాను. రేపు నేను లీవు."

"ఒంటిగా పోవద్దు పిల్లా, నేనూ వస్తాను," అంది కాళియమ్మాళ్. "విరుదునగరంలో పరోటా తిని శానా నాళ్ళయింది."

బస్సు సాత్తూరు దాటేవరకు ఇద్దరూ రేవు కార్ల గురించీ, పరోటాల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. విరుదునగరం అంగడి వీధిలో మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలి తుమ్ముతూ, పప్పు గోదాముల మధ్య సందులో గురుసామి అణ్ణాచ్చి కడను కనుక్కున్నారు. కడ ముందు ప్లాస్టిక్ బిందెలూ బంతులూ గుత్తులుగా వేలాడుతున్నాయి. లోపల బొమ్మల పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన చెక్క కుర్చీలో కూర్చుని పుచ్చగింజలు ఒలుస్తున్నాడు. మాటలన్నీ ఇక తమిళంలోనే నడిచాయి.

"పాండీశ్వరన్ జవాబు పంపుతాడనుకుంటే పటాలాన్ని పంపించాడే!" అన్నాడు అణ్ణాచ్చి. "కూర్చో చెల్లెమ్మా. టీయా, మజ్జిగా?"

"ముందు జీపు, తర్వాత మజ్జిగ," అంది మారీశ్వరి. "పగిలిన జీపు ఒకటి చూపించండి అణ్ణాచ్చి. అచ్చు దగ్గర నిలబడేదాన్ని నేనే."

"పగిలిన జీపా? పగిలిందని నేనెప్పుడన్నాను?"

"అచ్చు పోయిందని మీరేగా ఫోనులో చెప్పారు."

"అవును, చెప్పాను. అచ్చు పోయింది." ఆయన వెనక్కి వంగి గోనెసంచిలో చెయ్యి పెట్టి ఒక జీపు తీశాడు. వెల్లకిలా తిప్పి పట్టుకుని వేలితో చక్రాన్ని తోశాడు. చక్రం తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ తిరిగింది. మళ్ళీ తోశాడు. తీగ చివరనుంచి ఊడి, కడ గడప దాటి వీధిలోకి దొర్లిపోయింది. "ఇదిగో. ఇది కాక ఇంకేం అచ్చు?"

మారీశ్వరి ఆ జీపును అందుకుంది. ఒళ్ళు తడిమింది. కప్పు, కమ్మీలు, మూత, అంచులు. గీత లేదు, బీట లేదు. సంచిలోంచి ఇంకొకటి తీసింది, ఇంకొకటి తీసింది. ఒక్క ఒళ్ళూ పగల్లేదు. అన్నింటికీ చక్రాలు ఊగుతున్నాయి.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. అణ్ణాచ్చి పుచ్చగింజలు పక్కన పెట్టాడు.

"అణ్ణాచ్చి, మీ అచ్చు మాకు ఇరుసు!"

తమిళంలో అచ్చు అంటే పోతపోసే దిమ్మె. అచ్చు అంటే బండి ఇరుసు కూడా. పాండీశ్వరన్‌కు ఇది తెలియదా అంటే తెలుసు. వీధిలో ఎవరైనా లారీకి అచ్చు విరిగిందంటే ఆయన పోత దిమ్మె కోసం వెతకడు. కానీ షెడ్డు గుమ్మం లోపల ఆ మాటకు ఒకే అర్థం. ఆ గుమ్మం లోపల, మిషను పక్కన నిలబడి, తమిళంలో వచ్చిన మాటను ఆయన తెలుగు చెవితో విన్నాడు. ఏ అచ్చు అణ్ణాచ్చి, అని ఒక్క ముక్క అడిగి ఉంటే తేలిపోయేది. అడగకపోవడానికి భాష కారణం కాదు. నింద మోయడానికి మనిషి ముందే దొరికితే ప్రశ్న అనవసరమనిపిస్తుంది.

మారీశ్వరి నవ్వుతూ పక్కకు చూసింది. కాళియమ్మాళ్ నవ్వడం లేదు. సంచిలోంచి తనూ ఒక జీపు తీసి, చక్రాన్ని వేలితో ఊపి చూస్తోంది. ఇరుసుకు చక్రాలు కొట్టే బల్ల ఆమెది.

అణ్ణాచ్చికి ఆ సంగతి తెలియదు. ఆయన ఇంకా తన వాదం ముగించలేదు. పెట్టె మూత ఒకటి ఏటవాలుగా గడపకు ఆనించి, పైనుంచి ఒక ఎర్రటి రేవు కారును వదిలాడు. అది దారం పట్టినట్టు సూటిగా వెళ్ళి ఎదుటి గోడకు తగిలింది. తర్వాత జీపును వదిలాడు. అది సగంలోనే పక్కకు తిరిగి బిందెల కింద దూరింది.

"చూశావా? నీ జీపు రాయి. ఒప్పుకుంటాను. ఆ ఎర్రకారు పడితే ముక్కలవుతుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ పిల్లాడు బొమ్మను ముందు నడిపిస్తాడు చెల్లెమ్మా, పడేసేది తర్వాత. నువ్వు పడేసి చూశావు, నడిపి చూశావా?"

"లేదు," అంది మారీశ్వరి వెంటనే. "చూడాల్సింది."

"పైగా ఊడిన ఆ చక్రం పసిబిడ్డ నోట్లో పెట్టుకుంటే? ఒక తల్లి వచ్చి నా కడ ముందు శాపనార్థాలు పెట్టింది. అందుకే ఫోను చేశాను. నేను పాండీశ్వరన్ మీద కోపంతో చెయ్యలేదు."

"ఆ తల్లి చేసింది సరి," అంది ఆమె. నవ్వు పోయింది. వీధిలోకి దొర్లిన చక్రాన్ని ఏరి తెచ్చి రెండు వేళ్ళ మధ్య పెట్టి చూసింది. ఊపిరిగొట్టానికి కొలిచి చేసినట్టు ఉంది. "అణ్ణాచ్చి, మా నిరుటి జీపులు ఏమైనా మిగిలాయా?"

పై అరలో, దుమ్ము పట్టిన పెట్టెలో కొన్ని దొరికాయి. అదే మూత మీదనుంచి వదిలితే నిరుటి జీపు రేవు కారు వెనకాలే సూటిగా వెళ్ళింది. ఒళ్ళు అదే, కిందిపలక అదే, చక్రాలూ అవే. మారీశ్వరి అణ్ణాచ్చి దగ్గర పట్టకారు అడిగి తీసుకుని రెండు జీపుల చక్రాలూ పెరికి, ఇరుసులు బయటికి లాగి, అరచేతిలో పక్కపక్కన పెట్టింది. కొలబద్ద అక్కర్లేదు. నిరుటి తీగ లావు, ఈ ఏటి తీగ సన్నం. చక్రం బెజ్జం మాత్రం మారలేదు. సన్నపు తీగను దానిలో పెడితే బావిలో చేద పెట్టినట్టుంది.

"నేను చెప్తిని గదా," అంది కాళియమ్మాళ్, ఇంటి మాటలో, చాలా చిన్నగా. "చక్రం నిలవలేదు పాండీశ్వరా అని చెప్తిని. కొట్టు, దిగుతాది అనె."

తిరుగు బస్సులో పరోటాల ఊసు రాలేదు. కాళియమ్మాళ్ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. సాత్తూరు దాటాక అంది:

"నువ్వు బయటపడితివి. ఇంక నేను పడతాను."

"ఎవురూ పడరు అత్తా."

"నీకు తెలీదు. వానికి ఒకరు కావాల. అచ్చు కాదంటే ఇరుసు అంటాడు, ఇరుసు అంటే నా బల్ల. ఈ వయసులో నన్ను పెట్టెల కాడికి కూడా పంపడు, ఇంటికే పంపుతాడు."

మారీశ్వరి కొంగు ముడి విప్పి, వెంట తెచ్చిన రెండు తీగలూ అరచేతిలో పెట్టుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. నింద నీళ్ళలాంటిది, ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఎగువన దాన్ని వదిలిన చేతిని ఎవరూ చూడరు. తాను వెళ్ళి అచ్చు కాదు, ఇరుసు అని మొదటి మాటగా అంటే, రెండో మాట వినేలోపు పాండీశ్వరన్ కళ్ళు చక్రాల బల్ల మీదికి వెళ్ళిపోతాయి. తన చోటు తనకు తిరిగి వస్తుంది. దాని వేడి మేనత్తకు తగులుతుంది. అలా వచ్చే చోటు ఆమెకు వద్దు. నిజం మొత్తం చెప్పాలి, వరస తప్పకుండా చెప్పాలి. ముందు తీగ చూపించాలి, ఆ తీగ ఎవరు తెచ్చారో ఆయన నోటితోనే చెప్పించాలి. ఇరుసు అనే మాట అన్నింటికంటే చివర రావాలి. బస్సు కోవిల్‌పట్టి చేరేసరికి ఆ వరస ఆమె మనసులో కుదిరింది.

మర్నాడు పొద్దున మిషను వెయ్యకముందే ఆమె అందర్నీ చక్రాల బల్ల దగ్గరికి పిలిచింది. పాండీశ్వరన్ కూడా వచ్చాడు.

"ఏమైంది? అణ్ణాచ్చి ఏమన్నాడు?"

"చెప్తాను. ముందు ఇది చెప్పండి." ఆమె రెండు తీగలు ఆయన చేతిలో పెట్టింది. "ఏది లావు?"

"ఇది."

"అది నిరుటి జీపుది. రెండోది?"

"ఈ ఏటిది."

"ఆ తీగ ఎవురు తెచ్చినారు?"

"నేనుదా. కొత్త కడలో. మార్చినాను. అందుకేమి ఇప్పుడు?"

"చక్రం బెజ్జం మార్చినారా?"

పాండీశ్వరన్ తీగలను వేళ్ళ మధ్య దొర్లించాడు. మారీశ్వరి ఒక చక్రాన్ని బల్ల మీది ఇంకో సన్నపు తీగకు గుచ్చి ఆయన ముందు పట్టుకుంది. చక్రం దానంతటదే జారి బల్ల మీద పడి, గిరగిరా తిరిగి ఆగింది.

"అణ్ణాచ్చి చెప్పింది దీన్ని. జీపులన్నీ చూస్తిని. ఒక్క ఒళ్ళు పగల్లేదు. ఆయన అన్న అచ్చు తమిళ అచ్చు. మన ఇరుసు."

 రాకుడు పనివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. యజమానిని వరసకు మామా అని పిలిచే తంగపాండి ఆపుకోలేక తల గోడకు కొట్టుకుంటూ నవ్వాడు. "అయ్యో మామా! లారీకి పోయే అచ్చును తెచ్చి అక్క నెత్తిన వేస్తివే!"

పాండీశ్వరన్ ముఖం ఎర్రబడింది. నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక మెడ రుద్దుకున్నాడు. అప్పుడు ఆయన కళ్ళు, ఆమె అనుకున్నట్టే, బల్ల వెనక కూర్చున్న మనిషి మీద వాలాయి.

"సరి, నీ తప్పు కాదు. అయినా చక్రం కొట్టేటప్పుడు కాళియమ్మాళ్ చూడొద్దా? అది..."

"నిలపండి," అంది మారీశ్వరి. గొంతు పెంచలేదు. "మల్లా అదే పని చేస్తా ఉండారు. మొన్న అడక్కుండా నన్ను తీసినారు. ఇప్పుడు అడక్కుండా అత్తను తీస్తారు. అడగండి. ఆమె అక్కడే ఉండాది, నోరు ఉండాది."

ఆయన అడగలేదు. అడగకముందే కాళియమ్మాళ్ లేచి నిలబడింది. కొంగు బిగించి నడుముకు దోపింది.

"చూస్తిని. నీకు చెప్తిని. చక్రం నిలవలేదు పాండీశ్వరా అంటిని. నువ్వు ఏమంటివి?"

"ఏమంటిని?"

"'కొట్టు, దిగుతాది' అంటివి. రెండు తూర్లు అంటివి. అప్పుడు నీ నోట్లో పకోడా ఉండింది."

ఈసారి షెడ్డంతా నవ్వింది. పాండీశ్వరన్ చేతిలోని తీగల వైపు చూశాడు. లావుది, సన్నది. వాటిని బల్ల మీద పెట్టేశాడు.

"సరి," అన్నాడు. "పోనీ. అయిందేదో అయింది. మారీ, నువ్వు అచ్చు కాడికి పో."

"పోను."

"ఏం?"

"నన్ను తీసింది అందరి ముందర. అచ్చు పోయింది, నువ్వుదా అని అందరికీ వినబడేట్టు చెప్పినారు. తప్పు ఎవురిదో కూడా అంతే గట్టిగా వినబడాల. నాకోసం కాదు. రేపు ఇంకొక ఆడది అచ్చు పని అడిగితే, మారీశ్వరి చెడగొట్టింది గదా అని ఎవురూ అనకూడదు."

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ తల తిప్పుకోలేదు. గొంతు సవరించుకున్నాడు, చొక్కా సవరించుకున్నాడు, చివరికి సవరించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"అచ్చులో తప్పు లేదు," అన్నాడు. "చక్రాల బల్లలో తప్పు లేదు. తీగ మార్చింది నేను. అడక్కుండా మారీని తీసింది నేను. తప్పు నాదిదా."

"వెనక వినబళ్ళా మామా!" అన్నాడు తంగపాండి.

"తప్పు నాదిరా!" అని ఆయన అరిచాడు. ఆ అరుపులో కోపం ఎంత ఉందో, బరువు దిగిన తేలిక కూడా అంత ఉంది. వెంటనే ఫోను తీసి, ఈసారి మిషను పక్కన కాదు, షెడ్డు బయట ఎండలో నిలబడి, విరుదునగరంతో మాట్లాడాడు. ఈ ఏటి జీపు ఒక్కటి కూడా అమ్మొద్దు, ఇంటింటి నుంచీ వెనక్కి తెప్పించండి, లావు తీగ వేసి పంపుతాం, అన్నాడు. మధ్యలో ఏదో అర్థం కాక ఆగి, "ఏ అచ్చు అణ్ణాచ్చి?" అని అడగడం లోపలివాళ్ళందరికీ వినిపించింది.

మారీశ్వరి చీర మీద చొక్కా తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకుంటూ బల్ల దగ్గర ఆగి, కాళియమ్మాళ్‌తో అంది:

"అత్తా, ఇకమీద ప్రతి బుట్టలోనుంచి ఒకటి తీసి పలక మీదనుంచి వదల్దాము. వంకరగా పోయిందంటే ఆ బుట్ట బయటికి పోకూడదు. అణ్ణాచ్చి చెప్పింది నిజం. నేను పడేసేదే చూస్తిని."

"నడవనీ, పడనీ. రెండూ చూద్దాము," అంది కాళియమ్మాళ్, పాత తీగ చుట్ట కోసం బల్ల కింద వెతుకుతూ.

అచ్చు దగ్గర తంగపాండి వదిలేసిన పోతలు బుట్టలో ఉన్నాయి. అంచుల చుట్టూ పలుచటి రేకు తమలపాకంత పొడుచుకువచ్చింది. మారీశ్వరి ఒకటి తీసి వాడికేసి చూసింది.

"ఇది జీపా, గొడుగా?"

"నేను రంగు మనిషినక్కా! మామ నిలబడు అంటే నిలబడితిని."

"పో, పోయి నీ రంగు చూసుకో."

ఆమె కుండ కింద మంట పెంచింది. పైన తేలిన మడ్డిని గరిటెతో పక్కకు తీసింది. లోహం అద్దంలా తేరుకునేదాకా కదలకుండా చూసింది. ఉక్కు అచ్చు రెండు ముఖాలనూ గుడ్డతో తుడిచి, తొడుగులు వేసుకుని, మీట మీద చెయ్యి పెట్టింది. ఫోను మాట్లాడి లోపలికి వచ్చిన పాండీశ్వరన్ మిషను పక్కన నిలబడ్డాడు. ఏదో చెప్పాలని ఉండి, ఏం చెప్పాలో తెలియక, నిలబడే ఉన్నాడు.

"తప్పుకోండి మొదలాళీ," అంది మారీశ్వరి, తల ఎత్తకుండా. "వేడి తగులుతాది."